మా గుడి బల్లలు చేసిన మిలటరీ మేస్త్రి

1928 జూలైలో మద్రాసు అగ్రపీఠం నుంచి విడివడి ఏర్పడిన మన నెల్లూరు మేత్రాసనం నూరేండ్ల పండుగకు సిద్ధమవుతున్నది. ఈ శుభ సమయంలో విచారణల చరిత్రలు వ్రాసి పంపవలసిందని కబురు అందినప్పుడు, మేము నలుగురం గుడి వసారాలో కూర్చుని జాబితా వేసుకున్నాం. మొదట పీఠాధిపతుల పేర్లు, తరువాత మా విచారణలో పనిచేసిన గురువులు, ఉపదేశులు, మఠకన్యల పేర్లు, ఆపైన గుడికి చందాలిచ్చిన దాతల పేర్లు. ఇవన్నీ రాళ్లమీద చెక్కి ఉన్నాయి గనుక గంటలో పని ముగిసింది. లేవబోతుండగా మాలో ఒకరు తాము కూర్చున్న పాత బల్లను అరచేత్తో తట్టి, "మరి దీన్ని చేసినాయన?" అన్నారు.

మాలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆ బల్ల చేసినవారు మాకు తెలియకపోలేదు. చిన్నప్పుడు ఆయన వెంట రంపపు పొట్టు ఏరుకుంటూ తిరిగినవాళ్లమే మేము. అయినా జాబితాలో ఆయనకు చోటు పెట్టాలన్న ఆలోచన మాకు రాలేదు. ఆ లోపాన్ని దిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ఊళ్లో పిల్లలు ఆయనను మిలటరీ తాత అనేవారు. పెద్దలు మిలటరీ మేస్త్రి అనేవారు. తాను చేసిన ఏ వస్తువు మీదా పేరు చెక్కవద్దని ఆయన బ్రతికుండగా కోరారు. ఆయన కుటుంబీకులు నేడు కూడా ఆ మాటే అంటున్నారు గనుక ఇక్కడ మేము పేరు వ్రాయడం లేదు. ఆ పేరు మా విచారణ జ్ఞానస్నానపు పుస్తకంలోనూ, మరణాల పుస్తకంలోనూ ఉంది. అడిగినవారికి చూపిస్తాం.

కూలివాని కొడుకు, బెంగుళూరు వర్క్‌షాపు

ఆయన తండ్రి పాలేరు. ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరూ ఉలి పట్టలేదు. ఆ రోజుల్లో పల్లెటూళ్లో వడ్రంగం వారసత్వపు వృత్తి. నాగలి, బండి, ద్వారబంధం చేసే ఆచారిగారికి రైతులు కళ్లంలో ఏడాదికొకసారి మేర కొలిచేవారు. ఆ మేరలో వాటా పుట్టుకతో రావలసిందే. కూలివాని కొడుకు వడ్రంగి కావడం ఆ ఏర్పాటులో లేని సంగతి.

1940లో ఒంగోలులో పటాలానికి మనుషులను తీసుకుంటున్నారని విని ఆయన పోయి చేరారు. దేశభక్తి అనో, రాజభక్తి అనో ఆయన ఎన్నడూ చెప్పలేదు. "రెండు పూటలా అన్నం పెడతారన్నారు, పోయినాను" అనేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. వారందరూ స్వచ్ఛందంగా చేరినవారేనని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ స్వచ్ఛందంలో ఆకలి పాలు ఎంతో మిలటరీ మేస్త్రి వంటివారికి తెలుసు.

ఆయనను పంపింది బెంగుళూరులోని మద్రాసు సాపర్ల దళానికి. ఆ దళం గురించి మన పాఠకులకు నాలుగు మాటలు చెప్పవలసి ఉంది. 1780 సెప్టెంబరు 30న మద్రాసులో రెండు కంపెనీలుగా పుట్టిన పయొనీర్ల దళమే క్రమంగా మద్రాసు సాపర్లు, మైనర్లు అయింది. సైన్యం నడవడానికి దారి వేయడం, వాగుల మీద వంతెన కట్టడం, శత్రువు పాతిన మందుపాతరలు వెతికి తీయడం వీరి పని. మద్రాసు రాజధానికి చెందిన ఇంజనీరు అధికారుల పరంపరలోని వారే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 వరకు కట్టించిన ఆర్థర్ కాటన్ దొరగారు. దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తెల్లదొరలు తీర్మానించి, మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటే రద్దు చేస్తూ వచ్చిన కాలంలో కూడా సాపర్లను మాత్రం ఉంచుకున్నారు. ఆ పని చేతులతో చేసేది, ఆ చేతులు లేకపోతే సైన్యం కదలదు.

సాపరుగా చేరిన ప్రతివాడూ తుపాకి పట్టడంతోపాటు ఒక వృత్తి కూడా నేర్చుకోవాలి. వడ్రంగమో, కమ్మరమో, తాపీపనో ఏదో ఒకటి. ఏ పని కావాలని హవల్దారు అడిగితే మన మేస్త్రిగారు వడ్రంగమన్నారట. "మీ నాయన వడ్రంగా?" అని అడిగితే, "కాదు, మా జోజప్ప తండ్రి" అన్నారట. ఆ హవల్దారుకు పునీత జోజప్పగారు ఎవరో తెలియక, ఇంటిపేరు కాబోలనుకుని వ్రాసుకున్నాడని చెప్పి ఆయన నవ్వేవారు.

అక్కడ తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, మనవాళ్లు కలిసి ఒకే వరుసలో నిలబడి చిత్రిక పట్టారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే పంక్తిలో తిన్నారు. మా ఊళ్లో అది అప్పటికి ఊహకందని విషయం. నీ తాత ఎవరని అక్కడ అడిగినవారు లేరు. మూలమట్టం పెట్టి చూశారు, అతుకు సరిపోతే పాస్, లేకపోతే లేదు. థర్డ్ క్లాసు, సెకండ్ క్లాసు ట్రేడ్ టెస్టులు ప్యాసైన కొద్దీ జీతం కొంచెం పెరిగేది. ఆయన డిశ్చార్జి పుస్తకాన్ని మేము చూశాం. అందులో వృత్తి అన్నచోట వడ్రంగి అని ఉంది. మా ఊళ్లో ఆయనను వడ్రంగి అని ఒప్పుకున్న మొదటి కాగితం అదే.

ఇసుక దేశం నుంచి ఇటలీ కొండలకు

మేస్త్రిగారు పనిచేసిన 12వ ఫీల్డు కంపెనీ 4వ భారత డివిజనులో ఉండేది. ఆయన ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఆ కంపెనీతో కలిశారు. 1943 మార్చిలో ట్యునీషియాలో మారెత్ రక్షణ రేఖ దగ్గర వాదీ జిగ్‌జావు అనే వాగు అడ్డం వచ్చినప్పుడు, ఆ డివిజను సాపర్లు రాత్రిపూట కాల్పుల నడుమ కట్టెల మోపులు వేసి దాని మీద దారి తయారుచేశారు. ఆ సంగతి ఆయన మాకు చెప్పిన తీరు ఇది: "వాగులో కట్టెలు పరిచాంరా. మన ఊళ్లో వరికుప్ప కింద కంప పరచినట్టే. కాకపోతే మీద గుండ్లు పడుతుంటాయి."

1943 చివరలో 4వ డివిజను ఇటలీ చేరింది. మరుసటి ఫిబ్రవరికి వారు మోంతె కసీనో కొండ ముందర ఉన్నారు. రోము నగరానికి పోయే దారిని కాస్తున్నట్టుండే ఆ కొండమీద సుమారు క్రీ.శ. 529లో పునీత బెనెడిక్టుగారు స్థాపించిన మఠం ఉండేది. పాశ్చాత్య దేశాల సన్యాస జీవితానికి అది పుట్టినిల్లు. ప్రార్థించు, పనిచేయి అన్నది బెనెడిక్టు సభవారి నినాదంగా లోక ప్రసిద్ధం. శత్రు సైనికులు ఆ మఠంలో ఉన్నారన్న అనుమానంతో 1944 ఫిబ్రవరి 15న మిత్రరాజ్యాల విమానాలు రెండు వందలకు పైగా వచ్చి దానిని నేలమట్టం చేశాయి. అప్పుడు లోపల ఉన్నది కొద్దిమంది సన్యాసులు, యుద్ధానికి భయపడి శరణు చొచ్చిన చుట్టుపక్కల జనం. చనిపోయినవారు ఆ జనమే. ఎనభై ఏండ్లకు దగ్గరపడిన మఠాధిపతి బ్రతికినవారిని వెంటబెట్టుకుని రెండు రోజుల తరువాత కొండ దిగివచ్చారు.

ఆ వేళ విమానాలు వస్తాయని ఎదుటి గుట్టమీదనే ఉన్న మన సైనికులకు కూడా ముందుగా తెలియదు. మేస్త్రిగారు లోయలో దారి పనిలో ఉన్నారు. ఆ దినం గురించి మేము ఎంత అడిగినా ఆయన రెండు మాటలకు మించి చెప్పలేదు. "మేం వేసే దారి దాని మీదికి పోవడానికేరా. గోడలు పడుతుంటే జపమాల పట్టుకున్నాను, ఎవరి కోసం చెప్పాలో తెలియలేదు" అన్నారు. ఒక కథోలిక విశ్వాసి తన సైన్యమే కథోలిక మఠాన్ని కూల్చడం కళ్లారా చూసి ఏమనుకున్నాడో ఆ మాటలో ఉంది. దానికి మేము వ్యాఖ్యానం చేయదలచలేదు.

ఆ తరువాత సాపర్లు కైరా అనే గ్రామం దగ్గర నుంచి కంచరగాడిదలు నడిచే కాలిబాటను వెడల్పు చేసి, మార్చి నెలలో ట్యాంకులు ఎక్కేటంత దారి చేశారు. శత్రువు కంటబడకుండా వలలు కప్పి, ఎక్కువగా చీకట్లోనే ఆ పని సాగింది. అన్నిటికంటే భయంకరమైన పని మందుపాతరలు తీయడం. ఇనుపవైతే యంత్రం కూత పెట్టి చెబుతుంది. జర్మనులు చిన్న చెక్కపెట్టెలలో మందు కూరి పాతేవారు. వాటిని యంత్రం పసిగట్టలేదు. బోర్లా పడుకుని బాయినెట్టు మొనతో ఏటవాలుగా జానెడు జానెడు నేల పొడుచుకుంటూ పోవాలి. తీసిన మేరకు ఇరువైపులా తెల్ల పట్టీ పరచాలి. ఒకసారి అటువంటి పెట్టెను మందు తీసివేశాక మేస్త్రిగారు చేతిలో తిప్పి చూశారట. మూలల అతుకులు చక్కగా కలిసి ఉన్నాయట. "దాన్ని చేసినోడూ వడ్రంగేరా అబ్బాయ్. వాడికీ ఇంట్లో పిల్లలుంటారు. అదే చెక్కతో వాళ్లకి బొమ్మ చేసి ఇవ్వచ్చు" అని మాతో అన్నారు. యుద్ధాన్ని గురించి మేము విన్న ఉపన్యాసాలలో దీనికి మించినది లేదు.

అదే డివిజనులోని 11వ ఫీల్డు పార్కు కంపెనీకి చెందిన సుబేదారు సుబ్రమణ్యం, ఆ ఫిబ్రవరిలోనే మిన్యానో దగ్గర మందుపాతర పేలబోతున్న క్షణంలో దానిమీద పడి తన ప్రాణమిచ్చి తోటివారిని కాపాడాడు. ఆయనకు మరణానంతరం జార్జి క్రాసు పతకం లభించింది. తన స్నేహితుల కొరకు ప్రాణం పెట్టడం గురించి గురువుగారు ప్రసంగించినప్పుడల్లా మేస్త్రిగారు తలవంచుకుని కూర్చునేవారు. "ఆయన నొసట విభూతి పెట్టుకునేవాడు. సువార్త ఆయన చదవలేదు, చేసి చూపాడు" అనేవారు. కసీనోలోని యుద్ధ సమాధుల తోటలో నేడు నాలుగువేలకు పైగా సమాధులున్నాయి. వాటిలో మన దేశస్థులవీ ఉన్నాయి.

ఇటలీ జ్ఞాపకాలలో ఆయన సంతోషంగా చెప్పేది ఒకటే ఉండేది. విశ్రాంతికి వెనక్కు పంపినప్పుడు ఒక పల్లెలో పైకప్పు ఎగిరిపోయిన గుడిలో పూజకు పోయారట. జనం ఈ నల్లని సిపాయిని వింతగా చూశారట. గురువుగారు లాటినులో ప్రార్థన మొదలుపెట్టగానే, మా ఊరి ఉపదేశిగారు చెవి మెలిపెట్టి నేర్పిన జవాబులన్నీ ఈయన గట్టిగా చెప్పారట. అంతే, ఒక ముసలమ్మ జరిగి చోటిచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన బరమా, స్క్రూలు పట్టుకుపోయి, వేలాడుతున్న ఆ గుడి తలుపును బిగించి వచ్చారు. విశ్వ శ్రీసభ అంటే ఏమిటో సత్యోపదేశం క్లాసులో మాకు అర్థం కాలేదు. ఈ ముసలమ్మ కథతో అర్థమైంది.

మేర లేని వడ్రంగి

1946లో ఆయన ఇల్లు చేరారు. రెండు స్టారు పతకాలు, ఒక పెట్టెడు పనిముట్లు తెచ్చుకున్నారు. పదిహేనేండ్ల సర్వీసు నిండలేదు గనుక పెన్షను లేదు. యుద్ధం కోసం చేర్చుకుని యుద్ధం కాగానే పంపివేసిన లక్షలమంది గతి అదే.

ఊళ్లో పని అడిగితే దొరకలేదు. కొత్త ఇంటి గడప ఆయన చేత పెట్టించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నాగలి పనులు ఆచారిగారివి. మేరలో ఈయనకు గింజ కూడా వాటా లేదు. ట్యాంకులు నడిచే దారి వేసిన మనిషి తిరిగి వరికోతకు పోయారు. కొన్నాళ్లు పనిముట్లకు నూనె రాసి పెట్టెలో పెట్టుకున్నారు. "తుప్పు పట్టనిస్తే నేనే తుప్పు పట్టినట్టు" అనేవారట తన భార్యతో.

ఆయనకు మొదట దొరికిన పని శవపేటికలు చేయడం. ఆ పని ఊళ్లో మరెవరూ చేయరు. ధనికులైతే పట్నం నుంచి తెప్పించుకునేవారు. పేదవారిని చాపలో చుట్టి భూస్థాపితం చేసేవారు. మేస్త్రిగారు దొరికిన తుమ్మచెక్క, మామిడిచెక్కతో పెట్టెలు చేయసాగారు. పేదలవద్ద ఆయన ఎన్నడూ కూలి తీసుకోలేదు. ఎందుకని గురువుగారు అడిగితే, "స్వామీ, అక్కడ మా వాళ్లను పూడ్చిపెట్టినప్పుడు దుప్పటే పెట్టె. ఇక్కడ చెక్క ఉంది, నా చేతులున్నాయి" అన్నారట. చిన్నబిడ్డల పెట్టెలకు లోపలివైపు కూడా చిత్రిక పట్టేవారు. లోపల ఎవరు చూస్తారని మేము అడిగితే జవాబు చెప్పక పని చేసుకుంటూ పోయేవారు.

1955 ప్రాంతంలో మా తాటాకు గుడి స్థానంలో పెంకుల గుడి కట్టాలని సంకల్పించారు. ఆనాడు మన ప్రాంతంలో సువార్త సేవ చేస్తున్న మిల్‌హిల్ సభకు చెందిన గురువుగారు పైకప్పు పనిని మేస్త్రిగారికి అప్పగించారు. విచారణ పెద్దలలో కొందరు అభ్యంతరం చెప్పారు. "కూలివాడు ట్రస్సు ఎత్తితే మన నెత్తిన పడుతుంది" అన్నారు. వారి వంశీకులు మాలోనూ ఉన్నారు గనుక ఈ మాట దాచకుండా వ్రాస్తున్నాం. గురువుగారు వాదించలేదు. డిశ్చార్జి పుస్తకం తెప్పించి, అందరికీ చదివి వినిపించి, పని మొదలుపెట్టమన్నారు. పునీత జోజప్పగారిని శ్రామికుల పాలకునిగా మే 1న స్మరించే పండుగను 12వ భక్తినాథ పాపుగారు స్థాపించింది కూడా ఆ 1955లోనే.

మేస్త్రిగారి పద్ధతి ఊరికి కొత్త. ముందు కాగితం మీద గీసుకునేవారు. ట్రస్సు మొత్తాన్ని నేలమీద సున్నంతో అచ్చుగా గీసి, ఒక్కొక్క దుంగను ఆ గీతమీద పెట్టి కోసేవారు. ప్రతి ముక్కకూ అంకె వేసేవారు. యుద్ధంలో ఆయన బిగించిన బెయిలీ వంతెనల పద్ధతి అది. ఆ వంతెన పది అడుగుల పొడవైన ఇనుప చట్రాలతో తయారవుతుంది. ఒక్కొక్క చట్రాన్ని ఆరుగురు మనుషులు మోయగలరు. వాటిని మేకులతో కలుపుకుంటూ పోతే నది అవతలకు చేరుతుంది. ఎక్కడ విప్పినా మళ్లీ బిగించవచ్చు. "పని చేసినవాడు పోయినా పని తెలిసిపోవాలి. అందుకే అంకెలు" అనేవారు. వాసాలను గోడమీది దూలానికి ఇనుప పట్టీలతో బోల్టులు వేసి కట్టారు. ఇంత ఇనుము దండగని పెద్దలు సణిగితే, సముద్రపు గాలి తగిలే ఊరు మనదని మాత్రం అన్నారు.

ట్రస్సులు ఎత్తే రోజున ఊరి ఆచారిగారు కూడా వచ్చి దూరంగా నిలబడి చూశారు. అందరూ పోయాక దగ్గరకు వచ్చి, కుసి కూర్చున్న చోట వేలు పెట్టి రాసి చూశారు. గోరు దిగలేదు. "ఎవరబ్బాయ్ నేర్పింది?" అని అడిగారు. "బెంగుళూరులోనండీ" అన్నారు మేస్త్రిగారు. ఆచారిగారు కాసేపు ఊరకుండి, "మా వాడికి ఆ నేలమీద గీసే లెక్క చెప్పు" అన్నారు. మరునాటి నుంచి ఆచారిగారి కుమారుడు గుడి దగ్గర పనిలో చేరాడు. తరువాత ఊళ్లో గడపలు పెట్టడానికి మేస్త్రిగారిని కూడా పిలిచారు. ఈ మార్పు ఒక్కనాడు రాలేదు, పూర్తిగానూ రాలేదు. కాని మొదలైంది మాత్రం ఆ అతుకు దగ్గర.

బలిపీఠం, తుఫాను

గుడికి ముప్ఫై రెండు బల్లలు, పాపసంకీర్తనం వినే గూడు, పవిత్ర వారంలో గంట మూగబోయినప్పుడు మ్రోగించే చెక్క గిలక, అన్నీ ఆయన చేసినవే. రెండవ వాటికన్ మహాసభ 1965లో ముగిశాక, పూజ తెలుగులోకి వచ్చింది. గురువు జనంవైపు తిరిగి పూజ చేయడానికి వీలుగా కొత్త బలిపీఠం కావలసివచ్చింది. గోడకు ఆనుకుని ఉన్న పాత పీఠాన్ని వదలడం పెద్దవారికి మనసొప్పలేదు. మేస్త్రిగారు టేకుతో సాదా బల్ల ఒకటి చేశారు. ఇది భోజనపు బల్లలా ఉందని ఎవరో ఎత్తిపొడిస్తే, "మరి అది భోజనం కాదా?" అని అడిగారు. యుద్ధభూమిలో గురువుగారు జీపు ముందుభాగం మీదనే గుడ్డ పరచి పూజ చేసిన సంగతి అప్పుడే మాకు చెప్పారు.

1964 అక్టోబరు 24న 6వ పౌలు పాపుగారు తిరిగి కట్టిన కసీనో మఠ దేవాలయాన్ని ప్రతిష్ఠించి, పునీత బెనెడిక్టుగారిని ఐరోపా ఖండానికి పాలకునిగా ప్రకటించారు. ఆ వార్తను గురువుగారు పత్రికలో చదివి చెబితే మేస్త్రిగారు చేతిలోని సుత్తి కింద పెట్టారు. "అదే చోటనా స్వామీ? అదే తీరునా?" అని రెండుసార్లు అడిగారు. లొంబార్డులు, అరబ్బు దాడివారు, భూకంపం, చివరకు మన బాంబులు, ఇలా నాలుగుసార్లు కూలి నాలుగుసార్లు లేచిన మఠమది. నరికినా చిగురిస్తుందని ఆ మఠం చిహ్నం మీద లాటినులో ఉంటుందని గురువుగారు వివరించారు. ఆ సాయంత్రం ఆయన గుడిలో చాలాసేపు మోకాళ్లమీద ఉన్నారు. ఇరవై ఏండ్లుగా ఎవరి కోసం చెప్పాలో తెలియని ఆ జపమాలను ఆయన ఆనాడు ముగించారని మా నమ్మకం.

1977 నవంబరు 19న వచ్చిన తుఫాను కృష్ణా, గుంటూరు తీరాలను ముంచెత్తి సుమారు పదివేలమందిని బలిగొన్నది. మా వైపు ఉప్పెన రాలేదు గాని గాలి వదలలేదు. పల్లెలోని గుడిసెలన్నీ కూలాయి. జనం బిడ్డలను చంకనేసుకుని గుడిలోకి వచ్చారు. మాలో ఇద్దరం ఆ రాత్రి అక్కడే ఉన్నాం. పెంకులు పిట్టల్లా ఎగిరిపోతుంటే, అరవై ఏండ్లకు దగ్గరపడిన మేస్త్రిగారు లాంతరు పట్టుకుని ఒక్కొక్క ట్రస్సు కిందికి పోయి బోల్టులు చూసి వచ్చారు. "పెంకులు పోతే పోనీ. దూలం కదలదు, మీరు బల్లల కింద పడుకోండి" అన్నారు. తెల్లవారేసరికి ఆకాశం కనిపిస్తున్నది. ట్రస్సులు అన్నీ నిలిచే ఉన్నాయి. మా గుడిలో ఒక్క ప్రాణానికీ హాని కలగలేదు. దండగన్న ఇనుము విలువ ఆనాడు తెలిసింది.

మా తప్పు

1980లలో కంటిచూపు మందగించి ఆయన పని మానుకున్నారు. పనిముట్లను తన దగ్గర నేర్చినవారికి పంచి ఇచ్చారు. వారిలో ఆచారిగారి మనుమడు కూడా ఉన్నాడు. 1990లలో ఆయన ప్రభునందు నిద్రించారు. ఆయన కోరినట్టే తుమ్మచెక్క పెట్టెలోనే భూస్థాపితం చేశాం. సైనిక లాంఛనాలు లేవు. చిన్నబిడ్డల పెట్టెలకు ఆయన చేసినట్టే, శిష్యులు ఆ పెట్టెకు లోపలివైపు చిత్రిక పట్టారు.

ఇక ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. కొన్నేండ్ల క్రిందట గుడిలో నాపరాళ్లు తీసి టైల్సు వేయించినప్పుడు, పాత బల్లలు బాగుండవని తీసివేసి కొత్తవి తెప్పించాం. ఆ తీర్మానం కింద మా సంతకాలు కూడా ఉన్నాయి. ముప్ఫై రెండింటిలో ఇరవై తొమ్మిది కట్టెల కింద అమ్ముడుపోయాయి. సత్యోపదేశం క్లాసుల కోసం వసారాలో వేసిన మూడు మాత్రం మిగిలాయి. జాబితా వేసుకున్న రోజున వాటిలో ఒకదానిని తిరగవేసి చూశాం. ఒక్క ఇనుప మేకు లేదు. ప్రతి ముక్కమీదా ఉలితో వేసిన అంకె ఉంది. విప్పి, తుడిచి, ఆ అంకెల ప్రకారం మళ్లీ బిగించాం. వడ్రంగం రాని మా చేతులకే అది గట్టిగా కూర్చుంది. పని చేసినవాడు పోయినా పని తెలిసిపోవాలన్న మాటకు అర్థం అప్పుడు తెలిసి మాకు కండ్లు చెమర్చాయి.

మన మేత్రాసన చరిత్రలో దూరదేశాల నుంచి వచ్చి మన నేలలో ఎముకలు కలిపిన గురువుల త్యాగం ఉంది, ఉండాలి. అలాగే మన పల్లెల నుంచి దూరదేశాలకు పోయి, ఒక పని నేర్చుకుని వచ్చి, ఆ పనిని దేవుని ఇంటికి అర్పించినవారి కథ కూడా ఉండాలి. నజరేతులో మన ప్రభువు పెరిగింది వడ్రంగి ఇంట్లోనే గదా. పుట్టుక ఇవ్వని వృత్తిని మేస్త్రిగారికి పటాలం ఇచ్చింది. ఆ వృత్తికి ఊరు ఇవ్వని చోటును గుడి ఇచ్చింది. ఆ చోటును నిలుపుకోలేకపోయినవాళ్లం మేము.

కనుక మేము రెండు పనులు తలపెట్టాం. మా విచారణ గుడి, బడి, మఠం కట్టడంలో పనిచేసిన తాపీవారు, వడ్రంగులు, మట్టి మోసిన స్త్రీలు, అందరి వివరాలు బ్రతికున్న పెద్దలను అడిగి ఒక పుస్తకంలో వ్రాస్తున్నాం. రాతిమీద చెక్కించబోము, అది మేస్త్రిగారికి ఇష్టముండదు. ఏటా మే 1న, శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ పూజలో ఆ పేర్లను చదివి ప్రార్థిస్తాం. ప్రతి విచారణ కూడా ఈ పని చేయవలసిందిగా సోదర విశ్వాసులను వేడుకుంటున్నాం. తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, ఆలస్యం చేస్తే అడగడానికి ఎవరూ మిగలరు.

మిగిలిన మూడు బల్లలను తిరిగి గుడిలోకి తెచ్చి ముందు వరుసలో వేశాం. నూరేండ్ల పండుగనాడు వాటిమీద ఎవరిని కూర్చోబెట్టాలా అని చర్చ వచ్చింది. దాతలను అన్నారు కొందరు, పెద్దలను అన్నారు కొందరు. చివరకు పల్లెలోని పిల్లలను కూర్చోబెట్టాలని నిశ్చయించాం. మేస్త్రిగారు ఉంటే ఆయనా అదే అనేవారు. ప్రభువు ఆయన ఆత్మకు నిత్యవిశ్రాంతిని దయచేయునుగాక.